వాములో మొదలయ్యే కల్లు

కల్లు ఎక్కడ తయారవుతుందంటే ఎవరైనా తాడి మొవ్వు వైపు వేలు చూపిస్తారు. చెట్టు ఇచ్చేది తియ్యటి నీరు. అది కల్లయ్యేది లొట్టి అనే మట్టికుండలో. ఆ లొట్టి పుట్టేది కుమ్మరి ఇంట్లో. కాబట్టి నల్గొండ, పాలమూరు పల్లెల్లో కల్లు తయారీ గురించి చెప్పబోయి, గౌడు మోకు భుజాన వేసుకుని బయల్దేరే తెల్లవారుజాము దగ్గర మొదలుపెడితే సగం కథ తప్పిపోతుంది. అంతకు కొన్ని నెలల ముందుకు, చెరువులు అడుగంటిన ఎండాకాలంలోకి వెళ్లాలి.

ద్రాక్షసారాకు పేరుపడ్డ దేశాల్లో ఈ రెండు పనుల బంధాన్ని గొప్పగా చెప్పుకుంటారు. జార్జియాలో క్వెవ్రీ అనే పెద్ద మట్టి బానలను నేలలో పాతి వాటిలో ద్రాక్షరసం పులియబెడతారు. ఆ పద్ధతిని 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మన దగ్గర బానను నేలలో పాతరు, కుండను చెట్టుకు కడతారు. మిగతాది దాదాపు అదే: ఒక ఇంటివాళ్లు మట్టిని కాల్చి పాత్ర ఇస్తారు, ఇంకో ఇంటివాళ్లు అందులో పులిసేదాన్ని దించుకొస్తారు. రెండిళ్లలోనూ పని తండ్రి నుంచి కొడుక్కి, అత్త నుంచి కోడలికి వస్తుంది. ఎవరి పేరూ ఏ పాత్ర మీదా అచ్చుపడదు.

చెరువు మట్టి

పాత నల్గొండ, పాలమూరు అని పిలిచే పాత మహబూబ్‌నగర్ జిల్లాలు 2016లో ముక్కలై సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వంటి కొత్త పేర్లు తెచ్చుకున్నాయి గానీ నేల మారలేదు. ఎక్కడ చూసినా గుట్టలు, గుండ్లు, వాటి రాయి అరిగి ఏర్పడిన చల్క, దుబ్బ. ఆ ఎర్రమట్టిలో ఇసుక పాలెక్కువ, జిగురు తక్కువ. దానితో కుండ నిలవదు. జిగురున్న మట్టి కావాలంటే చెరువు అడుగుకు పోవాల్సిందే. వాననీటితో కొట్టుకొచ్చిన సన్నటి ఒండ్రు ఏళ్ల తరబడి పేరుకునేది అక్కడే.

చెరువు ఎండినప్పుడు కుమ్మరి పైపొరను గీకి పక్కకు నెట్టి, కింది మట్టిని తవ్వుకుంటాడు. పైపొరలో గడ్డివేళ్లు, నత్తగుల్లలు, గులకరాళ్లు ఉంటాయి. ఒక్క సున్నపు గులక మిగిలిపోయినా కాల్చిన తర్వాత అది తేమ పీల్చి ఉబ్బి, కుండ గోడను పెచ్చులుగా ఊడగొడుతుంది. మంచి మట్టి గుంత ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు, పిల్లలకు వాళ్లే చూపించారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు. పొలానికి అది మేలే. కాకపోతే కుమ్మరి గుంత ఏ మూలన ఉందో ప్రొక్లెయినర్ నడిపేవాడికి ఎవరు చెబుతారు?

ఇంటికి చేరిన మట్టిని ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, జల్లెడపట్టి, గుంతలో నీళ్లుపోసి నానేస్తారు. నానిన మట్టిలో సన్న ఇసుకో బూడిదో కలిపి కాళ్లతో తొక్కుతారు. ఈ తొక్కుడు పనిలో ఆడవాళ్ల పాలే ఎక్కువ. ఇసుక తక్కువైతే ఆరేటప్పుడు కుండ పగులుతుంది, ఎక్కువైతే సారె మీద గోడ లేవదు. ఎంత కలపాలో తూకం ఏమీ లేదు. వేళ్ల మధ్య చిటికెడు మట్టి రాసి చూస్తారు, గోరుకు ఇసుక ఎంత తగులుతుందో దాన్నిబట్టి చెబుతారు.

సారె, చెక్క, వాము

సారె దగ్గర సాధారణంగా మగవాళ్లే కూర్చుంటారు. చక్రం అంచున ఉన్న గుంతలో కర్ర పెట్టి నాలుగు చుట్లు గట్టిగా తిప్పి వదిలితే, ఆ బరువుకే అది కాసేపు తిరుగుతుంది. ఆ కాసేపట్లోనే మట్టిముద్ద లేచి కుండ కావాలి. ఖాదీ గ్రామోద్యోగ సంస్థ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు ఇస్తోంది. భుజం నొప్పి తగ్గింది, వేగం పెరిగింది. కానీ కుండను సారె పూర్తిగా చేయదు. సారె మీద నుంచి తాడుతో కోసి దించినప్పుడు దాని గోడలు మందం, అడుగు మొద్దు. మెడ, మూతి మాత్రమే సరిగ్గా కుదిరి ఉంటాయి.

అసలు పని ఆ తర్వాత. కొంచెం ఆరి, ఇంకా మెత్తదనం పోని కుండను ఒళ్లో పెట్టుకుని, లోపల ఒక చేత్తో గుండ్రటి రాయి ఆనించి, బయట నుంచి చెక్కతో కొడుతూ పోతారు. రాయికీ చెక్కకీ మధ్య మట్టి పల్చబడి సాగుతుంది. అడుగు గుండ్రమై మూసుకుంటుంది. గోడలోని చిన్న చిన్న గాలిబుడగలు అణగిపోతాయి. ఒకే లయలో వినిపించే ఆ చప్పుడు కొద్దిగా తప్పినా ఎక్కడో గోడ పల్చబడిందని పక్కగదిలో ఉన్నవాళ్లకు తెలిసిపోతుంది.

లొట్టికి ఆ ఆకారం ఎందుకో ఒక్కసారి చూడాలి. అడుగు గుండ్రంగా ఉంటే బరువు అన్నివైపులా సమంగా పడుతుంది. చెట్టుకు తగిలినా మూల లేదు కనుక విరిగే చోటు లేదు. మెడ సన్నం కావడం వల్ల తాడు జారదు. మూతి ఇరుకు కావడం వల్ల ఎండ, దుమ్ము, తేనెటీగలు తక్కువగా పోతాయి. గోడ పల్చన కావడం గీసేవాడి నడుముకోసం. కట్టుకుని ఎక్కేదీ అతడే, నిండినది కట్టుకుని దిగేదీ అతడే. నీళ్ల కుండ చేసే చెయ్యే లొట్టినీ చేస్తుంది, కానీ దాన్ని కొట్టేటప్పుడు మనసులో ఉండేది ఇంకొకరి నడుము.

నీడలో ఆరినవాటిని ఎండకు చూపించి, కుండలు కాల్చే వాములో పేరుస్తారు. కింద కంప, కట్టెలు, పిడకలు. వాటి మీద పెద్దవి, సందుల్లో చిన్నవి. పైన గడ్డి కప్పి, దానిమీద మట్టి మెత్తుతారు. తేమ మిగిలిన కుండ మంటలో పగిలితే పక్కనున్న నాలుగింటినీ తీసుకుపోతుంది. అందుకే మొదటి గంటల్లో మంట చిన్నగా, పొగ ఎక్కువగా ఉంచుతారు. తర్వాత మెల్లగా పెంచుతారు. ఇలాంటి వాముల్లో వేడి 600 నుంచి 800 డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడిలో మట్టి రేణువుల్లో బంధించి ఉన్న నీరు కూడా వెళ్లిపోతుంది. ఇక దాన్ని ఎన్నాళ్లు నానబెట్టినా తిరిగి బురద కాదు. కానీ గాజులాగా పూర్తిగా కరిగి మూసుకుపోయేంత వేడి అది కాదు. గోడనిండా కంటికి కనిపించని రంధ్రాలు మిగులుతాయి. కల్లు కథలో ముందుముందు పనికొచ్చేవి అవే.

వాము చల్లారాక ఒక్కోదాన్నీ బయటికి తీసి వేలి కణుపుతో కొట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది. బొక్కున పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే, దాన్ని పూల మొక్కకో కోళ్లకు నీళ్లు పెట్టడానికో పక్కన పెడతారు.

ధాన్యం, వెట్టి, పన్ను

ఈ కుండలకు పాతకాలంలో రొక్కం దొరకడం తక్కువ. రైతు కళ్లంలో కుమ్మరికి ధాన్యం మేర ఉండేది. గౌడుకు లొట్లు, రైతుకు గాబులు, పెళ్లింటికి ఐరేని కుండలు, ఎల్లమ్మకు బోనం కుండ. ఊరికి ఏ కుండ కావాలన్నా ఆ ఇంటినుంచే. గౌడు కూడా కుమ్మరికి డబ్బుల బదులు కల్లు పోసిన సందర్భాలు తక్కువేం కాదు.

ఇచ్చిపుచ్చుకునే ఈ లెక్క దొరల గడీ దగ్గర ఆగిపోయేది. నిజాం పాలనలో వెట్టి ఉన్నన్నాళ్లూ కుమ్మరి గడీకి కుండలు ఊరికే పంపాలి, గౌడు గడీకి కల్లు ఊరికే పోయాలి. 1946లో తెలంగాణ సాయుధ పోరాటం రాజుకున్నది నల్గొండ జిల్లాలో అంటే, అందులో ఈ రెండు కులాల ఇళ్లనుంచీ మనుషులు కదలడం వింత కాదు. అంతకు రెండు వందల ఏళ్లకు పైగా ముందే ఖిలాషాపూర్ గౌండ్ల ఇంటి బిడ్డ సర్వాయి పాపన్న, వృత్తి వదిలి మనుషుల్ని కూడగట్టి, 1708లో వరంగల్ మీద, 1709లో భువనగిరి మీద పడ్డాడు. 1710లో మొగలు సేనలు అతణ్ణి చంపేశాయి. కల్లు కథలో ఇది పక్కదారే, కానీ ఈ ప్రాంతంలో ఏ గౌడు ఇంటి చరిత్ర మొదలుపెట్టినా పాపన్న దగ్గర ఒక్కసారి ఆగక తప్పదు.

కల్లు మీద వచ్చే ఆబ్కారీ ఆదాయం హైదరాబాద్ సంస్థానానికి పెద్ద ఆదాయాల్లో ఒకటి. 1316 ఫస్లీలో, అంటే 1906-07 ప్రాంతంలో, ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్లను వేలంలో పాడుకునేవాడు కాంట్రాక్టరు, ఎక్కేవాడు గౌడు. ఈత కల్లును సర్కారు భాషలో సేంధీ అనేవాళ్లు. ఆ ఆదాయం ఎంత ముఖ్యమంటే, 1947లో సంస్థానాన్ని ఇండియన్ యూనియన్‌లో కలపాలని ఉద్యమం నడిచినప్పుడు నిజాం ఖజానాను దెబ్బతీయడానికి కార్యకర్తలు ఈత, తాటి చెట్లనే నరికారు. ఖజానాకు తగిలిన దెబ్బ ఎక్కేవాడి పొట్టకూ తగిలింది.

కాంట్రాక్టరును తప్పించి చెట్టును ఎక్కేవాడి చేతికే ఇవ్వాలన్న పోరాటానికి ముందు నిలబడ్డవాడు సూర్యాపేటకు చెందిన కమ్యూనిస్టు నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం. గీత పనివాళ్లను సంఘాలుగా కట్టడంలోనే ఆయన జీవితం చాలావరకు గడిచింది. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు నీళ్ల మీద దేశం కళ్లు పడాలని రైతులు వేసిన నామినేషన్లే వాటిలో చాలావరకు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ పుస్తకంలో పేరు వెతుక్కుని జనం గెలిపించింది ధర్మభిక్షాన్నే. ఇప్పుడు కల్లు రెండు దారుల్లో నడుస్తోంది. ఒకటి గీత పనివాళ్ల సహకార సంఘం, టీసీఎస్. ఇంకొకటి ఎవరి చెట్లు వాళ్లకే లైసెన్సు ఇచ్చే టీఎఫ్‌టీ. తెలంగాణ వచ్చాక చెట్టు పన్ను ఎత్తేశారు. ఊళ్లో చెట్ల పంపకం మాత్రం ఇప్పటికీ సంఘంలో కూర్చుని చేసుకునేదే: ఎవరికి ఏ వరస, ఎవరికి ఏ ఒర్రె పక్కవి, అన్నదమ్ములు వేరుపడితే ఏవి ఎవరివి.

ఈత గీత

దసరా దాటి రాత్రులు చల్లబడ్డాక ఈతచెట్టు పని మొదలవుతుంది. ముళ్ల కమ్మలను ఒకవైపు కొట్టేసి, మొవ్వుకు కింద తెల్లటి మెత్తని భాగం బయటపడేదాకా చెక్కుతారు. చెక్కిన వెంటనే కోయరు. గాయం కొన్నాళ్లు ఆరాలి. తర్వాత పల్చగా గాటుపెట్టి, ఊరిన నీరు ఒక చోటికి జారేలా కొస చేసి, అక్కడ ఆకుతోనో పుల్లతోనో చిన్న దారి కడితే చుక్కచుక్కగా లొట్టిలో పడుతుంది. రోజూ గాటును సన్నటి పొరగా తాజాపరుస్తారు. ఆ పొర మందమైతే చెట్టు తొందరగా అలిసిపోతుంది, పల్చనైతే నీరు రాదు. చెయ్యి తిరిగినవాడు పొర తీస్తే అది కత్తిమీదనే చుట్టుకుంటుంది. కొన్ని రోజులు గీశాక చెట్టుకు కొన్ని రోజులు సెలవు.

మరుసటి ఏడు అదే పక్క గీయరు, ఎదురుపక్కకు మారతారు. అలా ఏడాదికొక వైపు గీస్తూ పోవడం వల్ల ముదురు ఈతచెట్టు మాను మెలికలు తిరిగినట్టు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఆ మెట్లు లెక్కపెడితే దాన్ని ఎన్నేళ్లుగా గీస్తున్నారో చెప్పొచ్చు. పాలమూరు వైపు చెరువు కట్టల మీద, వాగుల పొంటి ఈత ఎక్కువ. హరితహారంలో కట్టల మీద ఈత మొక్కలు నాటారు గానీ, గీతకు రావడానికి వాటికి ఏళ్లు పడుతుంది.

తాడి మీద

తాడిది ఇంకో తరహా. మానును కోయరు, పూతను గీస్తారు. తాటిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మగదాన్ని పోద్దాడు అంటారు, దానికి కాయ రాదు, వేళ్లలాంటి పొడుగు పూతకాడలు వస్తాయి. ఆడదాన్ని పండుతాడు అంటారు, ముంజలు కాసేది అదే. విత్తనం పడిన పన్నెండు పదిహేనేళ్లకు గానీ తాడి పూతకు రాదు. కాబట్టి ఇవాళ గీసేవాడు గీస్తున్న చెట్టు తండ్రి కాలంలోనో తాత కాలంలోనో మొలిచింది.

ఎక్కడానికి సామాను: నడుముకూ మానుకూ కలిపి చుట్టే మోకు, కత్తులు, లొట్టి తగిలించుకునే ముస్తాదు, పాదాలకు వేసుకునే గుజి. గుజి రెండు పాదాలను మానుకు అదిమిపెడుతుంది, మోకు వెనక్కి పడకుండా ఆపుతుంది. మోకును ఒక్క విసురుతో పైకి జార్చి, పాదాలు లాక్కుని, మళ్లీ మోకు. చూసేవాళ్లకు ఆట. ఎక్కేవాడికి ఒక్క చెట్టుకు కొన్ని డజన్ల సార్లు చేయాల్సిన పని, ఉదయం పదో పదిహేనో చెట్లు, సాయంత్రం మళ్లీ అవే.

చలికాలంలో పోద్దాళ్లు మొదలవుతాయి. కమ్మకత్తితో అడ్డొచ్చిన కమ్మలు కొట్టి, లేత పూతకాడలను కొన్ని కలిపి ఆకు నారతో కట్టకడతారు. వాటిని చెక్కతోనో కర్రతోనో మెత్తగా నలుపుతారు. ఒక్కసారే గట్టిగా నలిపితే చచ్చిపోతాయి, అందుకే రోజుకు కొంచెం చొప్పున కొన్ని రోజులు. లోపలి నాళాలు తెరుచుకోవడానికి ఈ నలుపుడు. తర్వాత కొసలను గీతకత్తితో పల్చగా కోస్తే నీరు ఊరడం మొదలవుతుంది. పొద్దునొకసారి, మాపొకసారి కొస తాజాపరచాలి. ఒక్కపూట ఎక్కకపోతే కోసిన ముఖం ఎండి మూసుకుపోతుంది. గౌడు ఇంట్లో పెళ్లయినా చావయినా ఎవరో ఒకరు మోకు తీసుకుని వెళ్లేది ఇందుకే. అన్నదమ్ములు, బావమరుదులు ఒకరి చెట్లు ఒకరు ఆ పూటకు ఎక్కిపెడతారు. ఎండలు ముదిరేసరికి పండుతాళ్ల వంతు వస్తుంది. అక్కడ లేత గెల కాడను, కాయలను నొక్కి మెత్తచేసి గీస్తారు. ముంజలు కావాలంటే ఆ గెల నుంచి కల్లు రాదు, కల్లు కావాలంటే ముంజలు రావు. ఇంట్లో పిల్లలు ముంజలు అడిగితే ఒకటి రెండు చెట్లు గీయకుండా వదులుతారు.

పడిపోవడం గురించి గౌండ్లోళ్లు ఎక్కువ మాట్లాడరు, పొద్దున్నే కాటమయ్యకు మొక్కి ఎక్కుతారు. వానపడ్డ మాను, పాతబడ్డ మోకు, కమ్మల్లో తేనెటీగలు, ఒక్కోసారి పాము. 2024 జులైలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో నడుముకూ తొడలకూ కట్టుకునే భద్రతా పట్టీల కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మరణిస్తే కుటుంబానికి ఇచ్చే పరిహారం 5 లక్షలు. కిట్టు మంచిదే. కొత్తలో ఎక్కే వేగం తగ్గుతుందని, అలవాటు పడటానికి సమయం కావాలని ముదురు చేతులు గొణుగుతాయి. కుర్రవాళ్లు కిట్టు వేసుకునే నేర్చుకుంటే ఆ గొణుగుడు ఉండదు.

లొట్టి లోపల

ఇప్పుడు మళ్లీ కుండ దగ్గరికి. కొసనుంచి పడే నీటిలో నూటికి పది పదిహేను పాళ్లు చక్కెర. రుచికి తియ్యన, రంగు దాదాపు లేదు. అది లొట్టి అడుగుకు తగిలిన క్షణం నుంచి మార్పు మొదలు. లొట్టిని రోజూ కడిగినా దాని గోడ రంధ్రాల్లో నిన్నటి ఈస్టు దాక్కుని ఉంటుంది. కొంచెం మడ్డి కావాలనే వదిలేవాళ్లూ ఉన్నారు. ఆ ఈస్టు, దానితోపాటు కొన్ని రకాల బ్యాక్టీరియా, చక్కెరను తిని సారాయంగా, బొగ్గుపులుసు వాయువుగా, పులుపుగా మారుస్తాయి. నురుగు ఆ వాయువుదే. తెల్లదనం ఆ సూక్ష్మజీవులదే. కొన్ని గంటల్లోనే నూటికి నాలుగైదు పాళ్ల సారాయం చేరుతుంది. అంటే చెట్టుదిగి, కల్లు పోసే మండువకు చేరేలోపే కల్లు తయారైపోతుంది. ద్రాక్షసారా వాళ్లు నెలలు, ఏళ్లు లెక్కపెడితే కల్లుకు లెక్క పూటల్లోనే.

గోడ రంధ్రాలు ఇంకో పని కూడా చేస్తాయి. లోపలి తేమ బయటికి వచ్చి ఆవిరవుతుంటే లొట్టి చల్లబడుతుంది. పులుపు పరుగు కొంచెం నెమ్మదిస్తుంది. చలికాలం కల్లు తియ్యగా, ఎండాకాలం కల్లు ఘాటుగా ఉండటానికి కారణం వాతావరణమే, కానీ ఎండాకాలంలోనూ తాగే స్థితిలో దించగలిగేది ఈ చల్లదనం వల్ల. కొత్త లొట్టి మొదటి రోజుల్లో మట్టివాసన వేస్తుంది. నీళ్లలో నానబెట్టి, రెండు మూడు పూటలు వాడాక అది పోయి, లొట్టి తన ఈస్టును తాను సంపాదించుకుంటుంది. అప్పుడుగానీ ఆ చెట్టు కల్లుకు ఒక నిలకడైన రుచి రాదు. ఒకే వరసలోని రెండు చెట్ల కల్లు రెండు రకాలుగా ఉందంటే తప్పు ఎప్పుడూ చెట్టుదే కానక్కర్లేదు.

పులియకూడదనుకుంటే లోపల సున్నం పూయాలి. సున్నం పులుపును చంపుతుంది, ఈస్టుకు ఊపిరాడనివ్వదు. అలా దించింది నీరా. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద 2023 మేలో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. పల్లెలో నీరా చాలా పాత సంగతి, తెల్లారకముందే వెళ్లి చెట్టుకింద తాగి వచ్చేవాళ్లుండేవాళ్లు. నగరానికి తేవాలంటే కుండా సున్నమూ చాలవు, చల్లటి పెట్టెలు, శుద్ధిచేసే యంత్రాలు కావాలి. నీరా అమ్మకంలో కష్టమంతా చెట్టు దిగిన తర్వాతదే.

మండువలో

దించిన కల్లును పెద్ద కుండలోకి వడపోసి, చీమలు, తేనెటీగలు, పీచు తీసేస్తారు. మండువ దగ్గర పోసేది చాలా ఇళ్లలో ఆడవాళ్లే, లెక్క కూడా వాళ్లదే. తాగేవాడు తాటాకు రేక రెండు చేతులతో పట్టుకుంటే ముంతతో పోస్తారు. పక్కన గుడాలు, కారం చల్లిన శనగలు, ఇంకొంచెం ముందుకెళ్తే బోటి. బతుకమ్మ, దసరా రోజుల్లో తాళ్లల్లోకి కుటుంబాలతో పోయేవాళ్లుంటారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత ఇక్కడ ఎవరినీ భయపెట్టదు. ఎల్లమ్మ ముందు సాక పోయందే పండుగ పండుగ కాదు. మాపటికి మిగిలింది బాగా పులుస్తుంది, మర్నాటికి సిర్కా దారి పడుతుంది. కుండలోని కల్లుకు రేపు లేదు.

చిక్కంతా ఆ రేపు దగ్గర వచ్చింది. పట్నాల్లో తాగేవాళ్లు ఎక్కువ, చెట్లు లేవు. కల్లు కాంపౌండులో ముంత పోయి బీరు సీసా వచ్చింది. సీసాలో పోసింది పుల్లబడకూడదు, అందరికీ సరిపోవాలి, మత్తూ ఉండాలి. చెట్టు ఇవ్వలేనిదాన్ని మందు ఇచ్చింది: మొదట్లో క్లోరల్ హైడ్రేటు, తర్వాత డయాజెపామ్, అల్ప్రాజోలం. తీపికి శాకరీన్. అది కొన్నాళ్లు తాగినవాడి నరాలకు అలవాటవుతుంది. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి సరుకు ఒక్కసారిగా ఆగినప్పుడు తెలంగాణ జిల్లాల్లో ఎందరో వణుకుతో, మతి తప్పినట్టు అరుస్తూ ఆసుపత్రులకు చేరారు. 2004లో మూతపడి 2014లో తిరిగి తెరుచుకున్న హైదరాబాద్ కల్లు దుకాణాలకూ ఇదే జబ్బు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు చనిపోయారు. పాలమూరు కూలీలు సాయంత్రం ఒళ్లునొప్పులకు తాగేది ఈ సీసానే. ఎవరైనా గుర్తుపట్టడం ఎలాగని అడిగితే నేను చెప్పేది ఒక్కటే: నిన్నటిది ఇవాళ కూడా అంతే తియ్యగా ఉంటే అందులో చెట్టు పాలు ఎంతో అనుమానించండి.

చెట్టు మీద కూడా లొట్టి తగ్గిపోతోంది. తల ఎత్తి చూస్తే మొవ్వుల్లో ప్లాస్టిక్ డబ్బాలు. గీసేవాణ్ణి తప్పుపట్టలేం. ప్లాస్టిక్ తేలిక, కిందపడ్డా పగలదు, ఒకసారి కొంటే రెండు సీజన్లు. అరవై ఏళ్ల మోకాళ్లతో పదో చెట్టు ఎక్కేవాడికి ఆ తేలిక పెద్ద సాయం. కాకపోతే ఎండలో డబ్బా కాగుతుంది, గోడకు చెమట పట్టదు, కల్లు మధ్యాహ్నానికే పుల్లబడుతుంది, ఆ పులుపును కప్పడానికి తీపి వెయ్యాలనిపిస్తుంది. కల్తీకి మొదటి మెట్టు అక్కడ పడుతుందని నా అనుమానం.

లొట్లు పూర్తిగా దొరకనివి మాత్రం కావు. కుమ్మరి వాములు ఇప్పటికీ ఎక్కువగా వెలిగేది బోనాలకు, పెళ్లిళ్లకు, ఎండాకాలం నీళ్ల కుండలకు. లొట్టి కావాలని ఒక్క గౌడు ఒక్కటి అడిగితే ఎవరూ సారె ఎక్కించరు. ఆ ఒక్కదానికి కంప, పిడకలు దండగ. మూడు నాలుగు ఊళ్ల సంఘాలు కలిసి, వాముకు సరిపడా లెక్క చెప్పి, ఎండాకాలంలోనే బయానా ఇస్తే దసరా నాటికి చేసి ఇస్తారు. మూతి ఎంత ఉండాలో, మెడ ఎంత పొడుగుండాలో పాత లొట్టి ఒకటి చూపిస్తే చాలు. అది దొరక్కపోతే ఊళ్లో పెద్ద గౌడన్నను ఒకసారి కుమ్మరింటికి తీసుకెళ్లాలి.